ఇన్సాఫ్ చెంపలు

మొహానికి మొద్దుబార్చే క్రీము పట్టించి, దాని మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం అంటించి, "ఓ అరగంట కదలకుండా కూర్చోండి" అని చెప్పి నర్సు వెళ్ళిపోయింది. కదలడానికేముంది, అసలు చెంపలు ఉన్నాయో ఊడిపోయాయో కూడా ఇన్సాఫ్‌కి తెలియడం లేదు. వేలితో పొడుచుకుని చూసుకుంది. ఎవరి చెంపనో పొడిచినట్టుంది. బాగానే ఉందే ఇది, అనుకుంది.

నలభై ఆరేళ్ళ మనిషి. మిన్యా బజారు వీధిలో బట్టల కొట్లో పొద్దుటినుంచి రాత్రి దాకా నిలబడి గుడ్డ కొలిచే ఉద్యోగం. నిలబడగా నిలబడగా మోకాళ్ళ వెనకా, చీలమండల పైనా నీలం నరాలు లేచాయి. కాళ్ళ సంగతి సరే, గౌను కింద ఎవరు చూడొచ్చారు? మొహాన్ని ఎక్కడ దాచుకుంటుంది? రెండు చెంపలూ, ముక్కు దూలమూ ఎప్పుడు చూసినా ఎర్రగా కందిపోయి ఉంటాయి. దగ్గరికొస్తే సన్నటి ఎర్ర నరాలు దారాలు దారాలుగా కనిపిస్తాయి. కొట్టుకొచ్చిన ప్రతి ఆడమనిషీ ముందు మొహం చూసేది, తర్వాతే గుడ్డ చూసేది. "ఏమ్మా, జ్వరమా?" అని ఒకావిడ. "ఎవరి మీదమ్మా అంత కోపం?" అని ఇంకొకావిడ. జ్వరమూ లేదు, కోపమూ లేదు, నా మొహమే ఇంత అని చెప్పీ చెప్పీ ఇన్సాఫ్‌కి విసుగెత్తిపోయింది. ఆ మాట అనేటప్పుడు మాత్రం నిజంగానే కోపం వచ్చేది.

కూతురి నిశ్చితార్థం పై నెలలో పెట్టుకున్నారు. ఫొటోలు తీస్తారు. ఒక పక్క పెళ్ళికొడుకు, ఒక పక్క పెళ్ళికూతురు, మధ్యలో ఈ టమాటా. అందుకే, మొగుడు ఫిక్రీకి తప్ప ఎవరికీ చెప్పకుండా, కొట్టుకి సెలవు పెట్టి వచ్చి కూర్చుంది.

డాక్టర్ షాహినాజ్ వచ్చి ప్లాస్టిక్ తీసి, క్రీము తుడిచి, అద్దాల్లోంచి చూసింది.

"ఎన్నాళ్ళ నుంచండీ ఇది?"

"పొయ్యి దగ్గర్నుంచి" అంది ఇన్సాఫ్.

డాక్టరుకి అర్థం కాలేదు. మిన్యాలో పుట్టి కైరోలో చదువుకున్న పిల్లకి ఎలా అర్థమవుతుంది! పుట్టినూరు మల్లవీలో ఇన్సాఫ్ వాళ్ళమ్మ బహీజా ఎండరొట్టె కాల్చేది. పిండిముద్దలని మేడ మీద ఎండలో పొంగబెట్టి, మట్టి పొయ్యిలో కాల్చి వీధి వీధంతా పంచేది. పొయ్యి నోటి దగ్గర నిలబడి రొట్టెలు తోసేదీ తీసేదీ ఇన్సాఫ్. ఏడెనిమిదేళ్ళ వయసునుంచీ అదే పని. చెల్లెలు అఫ్కార్ పొయ్యి చాయలకి వచ్చిందా, తల్లి గరిటె విసిరేది. "నువ్వు పోవే, నీ మొహం మాడుతుంది. నీకు మంచి సంబంధం రావాలి" అనేది. ఇన్సాఫ్‌ని చూసి మాత్రం "ఏమే టమాటా, మూడో వాయి అయిందా?" అని నవ్వేది. నవ్వడంలో ప్రేముందో ఎగతాళి ఉందో ఇన్సాఫ్‌కి ఇప్పటికీ తేలలేదు. తెల్లమొహం పిల్లకి ముప్పై తొమ్మిదేళ్ళొచ్చినా పెళ్ళి కాలేదు, అది వేరే సంగతి. మూడేళ్ళుగా మంచం పట్టిన తల్లికి ఎత్తీ పోసీ చేస్తోంది.

ఇదంతా డాక్టరుకి చెప్పలేదు. "చిన్నప్పుడు వేడి తగిలిందండీ" అని ఊరుకుంది.

"ఈ లేజరు వెలుతురు పై చర్మాన్ని ఏమీ చెయ్యదు. లోపలి నరాన్ని మాత్రం పట్టుకుని కాలుస్తుంది. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు ఉంటుంది, అంతే. తర్వాత మాత్రం కమిలిపోతుంది. ఊదారంగు మచ్చలు పడతాయి. రెండు వారాల్లో పోతాయి, బెంగ పెట్టుకోకండి. ఎండ వద్దు, పొయ్యి దగ్గరికి వద్దు, వేడినీళ్ళు వద్దు."

"జనం చూస్తే మా ఆయన కొట్టాడనుకుంటారు."

"అందరూ అదే అంటారండీ" అని నర్సు నవ్వింది.

"ఆయన చేతికి అంత ఓపిక లేదులే తల్లీ" అంది ఇన్సాఫ్. ముగ్గురూ నవ్వుకున్నారు. ఇన్సాఫ్ నవ్వింది కాని, పెదాలు ఎంతవరకూ సాగాయో ఆమెకే తెలియలేదు.

చేతిసంచీని, అందులో ఉన్న ఫోన్‌తో సహా, నర్సు తీసుకెళ్ళి బీరువాలో పెట్టింది. కళ్ళకి నల్లద్దాలు బిగించారు. టప్, టప్ అని చప్పుడు. మొహం అయ్యాక కాళ్ళు. మోకాళ్ళ వెనక కొన్ని నరాలకి సన్నసూదితో మందెక్కించి, కొన్నింటిని అదే లేజరుతో కాల్చి, తొడదాకా బిగుతైన మేజోళ్ళు తొడిగారు. రాత్రీ పగలూ తియ్యొద్దన్నారు.

బయటికొచ్చి ఫోన్ చూసుకుంటే అఫ్కార్ పేరు మీద పేరు. వరసగా, కిందికి జరుపుతున్నకొద్దీ అదే పేరు.

మళ్ళీ ఏం తక్కువైందో, అనుకుంది ఇన్సాఫ్. మందులు అయిపోయాయనో, మంచం మీద వేసే రబ్బరుషీటు చిరిగిందనో ఎప్పుడూ ఏదో ఒకటి. ఇంటికెళ్ళి చేద్దాంలే అనుకుంది. ఇంటికెళ్ళాక, ఐసుముక్కలు గుడ్డలో కట్టి చెంపల మీద పెట్టుకుని, కాసేపు నడుం వాల్చి లేచి చేద్దాంలే అనుకుంది. హాయిగా నిద్రపట్టింది.

ఫిక్రీ వచ్చి లేపాడు. చేతిలో అతని ఫోన్ ఉంది. "మీ అమ్మ పోయిందటే. నువ్వు దొరకలేదని నాకు చేసింది మీ చెల్లెలు. పొద్దున్నేనట" అన్నాడు.

ఇన్సాఫ్ లేచి కూర్చుంది. ఐసు కరిగి దిండు తడిసిపోయి ఉంది. దిండు తిరగేసి పెట్టింది. "నల్ల గౌను ఏ పెట్టెలో ఉంది?" అనడిగింది.

*

మల్లవీ చేరేసరికి శవం వీధి దాటిపోయింది. పొద్దున పోయిన మనిషిని సాయంత్రపు నమాజు కాగానే మట్టిలో పెట్టడం మామూలే, ఎవరి కోసమూ ఆగరు. ఫిక్రీ అటు పరిగెత్తాడు. ఇన్సాఫ్ నల్ల శాలువా మొహం మీదికి లాక్కుని గుమ్మంలో కాలు పెట్టింది.

ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. చావింట్లో చెంపలు బాదుకోవద్దు, బట్టలు చించుకోవద్దు, పాపం అని మసీదులో ఇమాము గొంతు పోయేలా చెబుతూనే ఉంటాడు. ఆడవాళ్ళు బుద్ధిగా తలలూపుతారు. శవం గుమ్మం దాటేసరికి చేతులు వాటంతటవే లేస్తాయి. ఎవరి చెంపలు ఎంత వాచాయో చూసి ఎవరి కడుపు ఎంత రగిలిందో తేల్చేసే కళ్ళు ఆ వీధిలో లేకపోలేదు. వాళ్ళందరిలోకీ పెద్దది నఫూసా అత్త. చచ్చిపోయినావిడకి ఆడపడుచు. బతికుండగా వదినతో రొట్టె దగ్గరా, రోలు దగ్గరా తగువులాడని రోజు లేదు. ఇప్పుడు గొంతు చించుకుని ఏడుస్తున్నది ఆవిడే.

"వచ్చావా తల్లీ! అమ్మ వెళ్ళిపోయిందే! వాకిలి చిన్నబోయిందే!" అంటూ నఫూసా వచ్చి మీద పడి, శాలువా లాగింది.

అందరి తలలూ ఇటు తిరిగాయి.

ఇన్సాఫ్ చెంపలు రెండూ నేరేడుపండు రంగులో కమిలి, కళ్ళ కిందిదాకా వాచి ఉన్నాయి.

"యా రబ్బీ! చూడండే! చూడండర్రా దీని మొహం!" అని నఫూసా కేకపెట్టింది. "కబురు తెలిసి మిన్యానుంచి ఇక్కడిదాకా దారంతా బాదుకుంటూ వచ్చిందే నా బంగారుతల్లి! ఇదీ కూతురంటే!"

"అది కాదత్తా..." అంది ఇన్సాఫ్. ఎవరు విన్నారు! గది గదంతా గొల్లుమంది. నలుగురు పట్టుకుని తీసుకెళ్ళి గోడవార పరుపు మీద, తల్లి దిండు పక్కన కూర్చోబెట్టారు. ఒకావిడ మంచినీళ్ళు పట్టింది. ఇంకొకావిడ చెయ్యి పట్టుకుని, "ఆవిడ మిగిల్చిన ఆయుష్షు నీకు కలవాలమ్మా" అంది. చెప్పాలంటే ఆ క్షణంలోనే చెప్పాలి. ఆ క్షణం దాటిపోయింది.

ఏమని చెబుతుంది? అమ్మ ప్రాణం పోతుంటే ఫొటోల కోసం మొహం బాగు చేయించుకుంటున్నాననా? ఫోన్లు చూసి కూడా పడుకున్నాననా?

గది రెండో చివర, వంటింటి గుమ్మం పక్కన అఫ్కార్ నిలబడి ఉంది. చేతిలో కాఫీ కప్పుల పళ్ళెం. మొహం పాలిపోయి ఉంది, చెంప మీద చిన్న గీత కూడా లేదు. అక్కని చూసింది. కళ్ళలో నీళ్ళు లేవు. పళ్ళెం తీసుకుని అందరికీ చక్కెర లేని కాఫీ ఇచ్చుకుంటూ వెళ్ళింది.

ఆ రోజు, మర్నాడు, ఇన్సాఫ్ ఆ పరుపు మీదే కూర్చుంది. గోడకున్న స్పీకరులోంచి ఖురాను వినిపిస్తోంది. ఆడవాళ్ళు వస్తున్నారు, ఏడుస్తున్నారు, చేదుకాఫీ తాగుతున్నారు, వెళ్తున్నారు. వచ్చిన ప్రతివాళ్ళకీ నఫూసా ముందు ఇన్సాఫ్ చెంపలు చూపించేది. ఊళ్ళోకి కొత్తగా వచ్చిన వస్తువుని చూపించినట్టు గడ్డం పట్టుకుని ఇటూ అటూ తిప్పి చూపించేది. ఇన్సాఫ్ తిప్పినట్టు తిరిగేది.

దుఃఖం ఎక్కడుందో అని ఇన్సాఫ్ లోపల్లోపల వెతుక్కుంది. అమ్మ, అమ్మ, అని మనసులో అనుకుని చూసింది. పొయ్యి గుర్తొచ్చింది. రొట్టె తోసే చెక్క గుర్తొచ్చింది. వేసవి మధ్యాహ్నం మొహం భగభగమంటుంటే కుండ నీళ్ళు చల్లుకోబోతే, "నీళ్ళు పిండికి కావాలి, మొహానిక్కాదు" అన్న మాట గుర్తొచ్చింది. ఏడుపు రాలేదు. కోపమూ రాలేదు. క్రీము ఎప్పుడో దిగిపోయింది, ముట్టుకుంటే చెంప తెలుస్తూనే ఉంది. లోపల మాత్రం ఎవరో దళసరిగా పట్టించి వదిలేసినట్టుంది. ఇలా ఉండటం తప్పని తెలుస్తూనే ఉంది కాని, ఆ తప్పు కూడా పక్కింటివాళ్ళది అయినట్టుంది.

రెండో రోజు చీకటి పడుతుండగా అఫ్కార్ ఆమెని వంటింట్లోకి పిలిచింది.

"కూర్చో అక్కా. మొహం ఇటు తిప్పు."

చిన్న డబ్బాలోంచి వాజలీను వేలితో తీసి మెల్లగా రాసింది. తల్లి వీపు పుండ్లకి రాసిన డబ్బానే అది. సగానికి పైగా అయిపోయి ఉంది.

"ఇంత గట్టిగా ఎందుకు కొట్టుకున్నావే? వాతలు తేలాయి."

ఇన్సాఫ్ కళ్ళు దించి డబ్బా వంక చూసింది.

"నాకు చెయ్యి లేవలేదే అక్కా" అంది అఫ్కార్. "అందరూ నన్నే చూస్తున్నారు, లేవాలి, ఒక్క దెబ్బైనా వేసుకోవాలి అనుకున్నా. లేవలేదు. ఏడుపూ రాలేదు. ఇవాళ పొద్దున లేవగానే అలవాటుగా పక్కగుడ్డలు మార్చాలని వెళ్ళా. మంచం ఖాళీగా ఉంది. అమ్మయ్య, ఇవాళ ఉతకక్కర్లేదు అనిపించిందే. మొట్టమొదట అదే అనిపించింది. నేను మనిషినేనంటావా?"

"అలిసిపోయావులే."

"నువ్వూ అలిసిపోతావు, కొట్లో నిలబడి. అయినా నువ్వు..." అని అక్క చెంపని చూసి ఆగిపోయింది. "ఆ పూట నీకు ఫోన్లు చేశా. కొట్లో బేరం మీద ఉన్నావనుకున్నా. అంతేగా?"

"ఆఁ" అంది ఇన్సాఫ్.

ఒక్క 'ఆఁ'. దానికే చెల్లెలు తలూపి, డబ్బా మూత పెట్టి, కప్పులు కడగడానికి లేచింది. ఇన్సాఫ్ కాసేపు ఆ పీట మీదే కూర్చుంది. తన మీద తనకి అసహ్యం వెయ్యాలి అనుకుంది. అదీ సరిగ్గా రాలేదు.

*

మూడో రోజు ఉమ్ షవ్కీ వచ్చింది. అంటే షవ్కీ వాళ్ళమ్మ. షవ్కీ మల్లవీ స్టేషన్లో టికెట్లిచ్చే ఉద్యోగి, నలభై అయిదేళ్ళవాడు, భార్య పోయి రెండేళ్ళయింది. అఫ్కార్‌ని అతనికి ఇవ్వాలని మాట నడుపుతున్నది నఫూసానే. బహీజా మంచాన ఉందని ఇన్నాళ్ళూ ఆపుకున్నారు. ఇక అఫ్కార్‌కి ఈ ఇంట్లో ఎవరూ లేరు. ఈ మాట తప్పితే మరో మాట రాదు. ఆడది ఒంటరిగా ఆ వీధిలో, నఫూసా నోటికి ఎదురుగా, ఎలా బతుకుతుందో ఎవరికి తెలియదు!

ఉమ్ షవ్కీ లావుపాటి మనిషి, తక్కువ మాట్లాడుతుంది. కూర్చుని, కాఫీ తాగి, ఇన్సాఫ్ చెంపలు చూసింది. తర్వాత అఫ్కార్‌ని చూసింది. అలా చాలాసేపు చూసింది.

నఫూసా ఊరుకుంటే బావుండేది. ఊరుకునే రకమైతే అది నఫూసా ఎందుకవుతుంది?

"ఉమ్ షవ్కీ, రేపు నా మీద మాట రాకూడదు. ఈ సంబంధం తెచ్చింది నేనే, చెప్పేదీ నేనే" అంది, గదంతా వినేలా. "దూరానున్న కూతురు చెంపలు పగలగొట్టుకుంది. దగ్గరున్న కూతురు పళ్ళెం పట్టుకుని పెళ్ళింట్లో తిరిగినట్టు తిరుగుతోంది. మూడ్రోజుల్లో ఒక్క చుక్క కన్నీరు చూశావా? కన్నతల్లికి తడవని కన్ను రేపు నీ కొడుకు జ్వరంతో పడుంటే తడుస్తుందా?"

"అత్తా!" అంది ఇన్సాఫ్.

"నువ్వుండు తల్లీ, నీ మనసు వెన్న. ఇంకో మాట. ఆ పొద్దున ఇంట్లో ఉన్నవి రెండు ప్రాణాలు. మందు వేసిందో లేదో, పిలిస్తే పలికిందో లేదో ఎవరు చూశారు? ఒక ప్రాణం పోయింది. రెండోది నోరు విప్పదు."

ఇద్దరు ముగ్గురు చెవులు కొరుక్కున్నారు. అఫ్కార్ గుమ్మం దగ్గర నిలబడే ఉంది. పళ్ళెంలో కప్పులని ఒక వరసకి జరిపింది, అంతే.

ఉమ్ షవ్కీ సంచీ చంకన పెట్టుకుని మెల్లగా లేచింది. "నలభయ్యో రోజు కానీ నఫూసా. తర్వాత చూద్దాం. తొందరేముంది?" అంది. ఆ 'చూద్దాం' అంటే ఏమిటో గదిలో అందరికీ తెలుసు. గుమ్మంలో చెప్పులు వెతుక్కుంటోంది.

"నేను కొట్టుకోలేదు" అంది ఇన్సాఫ్.

గొంతు తను అనుకున్న దానికన్నా పెద్దగా వచ్చింది.

"ఈ చెంపలు నేను కొట్టుకోలేదు. ఇది లేజరు. డాక్టరు దగ్గర చేయించుకున్నా. నరాలు పోవడానికి, ఎరుపు పోవడానికి. అమ్మ పోయిన పూట నేను అక్కడున్నా."

నఫూసా ఒక్క క్షణం నోరు తెరిచి చూసింది. తర్వాత ఇన్సాఫ్ తలని గుండెకి అదుముకుని, "విన్నారటే! పిచ్చితల్లి! చెల్లెలి పరువు కోసం నింద తన మీద వేసుకుంటోందే! ఇలాంటి పిల్ల ఎవరికి పుడుతుందే!" అని మళ్ళీ శోకం ఎత్తుకుంది.

"దుఃఖంలో మతి చలించింది పాపం" అంది మూలనున్నావిడ. "నీళ్ళు పట్టండి ఎవరైనా."

ఇక్కడితో ఆగిపోవచ్చు. ఇన్సాఫ్‌కి ఆ సంగతి తెలుస్తూనే ఉంది. నిజం చెప్పింది, వాళ్ళు నమ్మలేదు, ఇందులో తన తప్పేముంది? పైగా ఇంకా నెత్తిన పెట్టుకుంటున్నారు. కళ్ళు మూసుకుని నఫూసా గుండె మీద తల వాల్చి ఉంటే చాలు, దానంతటదే సర్దుకుంటుంది. నఫూసా గౌనులోంచి సాంబ్రాణి వాసన వేస్తోంది.

నీళ్ళు వచ్చాయి. తెచ్చింది అఫ్కార్. గ్లాసు వంచి, అక్క పెదాలకి ఆనించి, "తాగవే, నాకోసం అలా అనకు" అంది మెల్లగా.

చెల్లెలు కూడా నమ్మలేదు. ఇన్సాఫ్ నఫూసా చేతులు విదిలించుకుని లేచి, గది మధ్యలో నిలబడి, నల్లగౌను తొడల దాకా ఎత్తేసింది.

"ఏమిటే ఇది! సిగ్గులేదటే!"

"ఇక్కడ మగాళ్ళెవరున్నారత్తా?" అంటూ కుడికాలి మేజోడు కిందికి లాగింది. రాదే అది! మూడ్రోజులుగా చర్మానికి అతుక్కుపోయి ఉంది. రెండు చేతులతో చుట్టలు చుట్టి చుట్టి పాదం దాకా దింపి, వెనక్కి తిరిగి నిలబడింది. "చూడండి. మోకాలి వెనక చూడండి. ఇదీ నేను కొట్టుకున్నదేనా? శోకం పెట్టేటప్పుడు మోకాలి వెనక కొట్టుకునే ఆడదాన్ని ఎక్కడైనా చూశారా మీరు?"

ముందు ఒకావిడ వంగింది. తర్వాత నలుగురు వంగారు. చెంప మీదున్న రంగే, చెంప మీదున్నంత మచ్చలే, గుండ్రంగా, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఉన్నాయి. నఫూసా వేలు పెట్టి కొలిచి, లేచి చెంప మీద పెట్టి కొలిచింది. ఏమీ అనలేదు.

గుమ్మంలోంచి ఉమ్ షవ్కీ ఒక కాలికే చెప్పు వేసుకుని, ఆ చెప్పుతోనే చాప మీదికి వచ్చేసింది. సంచీలోంచి కళ్ళజోడు తీసి పెట్టుకుని, వంగలేక వంగి చూసింది.

"లేజరే" అంది. "మా ఆడపడుచు కూతురు కైరోలో చేయించుకుంది. పెళ్ళినాటికి పోతాయన్నారు, పోలేదు. అచ్చం ఇవే."

అప్పుడు ఇన్సాఫ్ గౌను దించుకుని, కూర్చోకుండానే, చెప్పాల్సిందంతా చెప్పేసింది. "ఫోన్ బీరువాలో పెట్టారు. బయటికొచ్చాక చూశాను. అఫ్కార్ చేసిన ఫోన్లన్నీ చూశాను. చూసి కూడా చెయ్యలేదు. మందులేవో అయిపోయి ఉంటాయిలే అనుకున్నాను. ఇంటికెళ్ళి పడుకున్నాను. మీరన్న ఆ రెండు ప్రాణాల్లో ఒకదాన్ని మూడేళ్ళు మోసింది రెండోదే అత్తా. ఎత్తిందీ, కడిగిందీ, మందు వేసిందీ ఇదే. మీరు నా చెంపలు చూపించి దీన్ని తిడుతుంటే మూడ్రోజులు విన్నాను. విని కూర్చున్నాను. నాక్కూడా ఒక్క చుక్క రాలేదు. మీరెవరూ నా కళ్ళు చూళ్ళేదు."

ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. నఫూసాకి గొంతు తిరిగి వచ్చింది. అంతసేపు పోవడమే ఎక్కువ.

"ఛీ! తల్లి ఆఖరి గుటకలు వేస్తుంటే సోకులు చేయించుకుంటున్నావటే? ఏ మొహం పెట్టుకుని తొక్కావే ఈ గుమ్మం?"

ఈ మొహమే పెట్టుకుని తొక్కింది, ఇంకో మొహం ఎక్కడుంది? కూతురి నిశ్చితార్థానికి ఈ గదిలోంచి ఒక్కరూ రారని ఇన్సాఫ్‌కి తెలిసిపోయింది.

అఫ్కార్ గ్లాసుని కింద పెట్టింది. నీళ్ళు ఒలక్కుండా జాగ్రత్తగా పెట్టింది. అక్క ఎదురుగా వచ్చి నిలబడింది.

"చూశావా? ఫోన్లు చూశావా?"

"చూశాను."

"కొట్లో ఉన్నావా అనడిగితే 'ఆఁ' అన్నావు."

"అన్నాను."

అఫ్కార్ చెయ్యి లేచింది. మూడ్రోజులుగా లేవని చెయ్యి. ఇన్సాఫ్ చెంప మీద ఎంత గట్టిగా పడిందంటే, చప్పుడు వీధిలోకి వినిపించింది. గదిలో ఎవరో "అల్లా!" అన్నారు.

"అమ్మ నిన్నే అడిగిందే!" అంది అఫ్కార్. "మూడేళ్ళూ అఫ్కారూ నీళ్ళూ, అఫ్కారూ దుప్పటీ, నన్నే పిలిచింది. ఆ పొద్దున నన్ను తోసేసింది. టమాటా ఏదీ, టమాటా ఏదీ అని. వస్తోందమ్మా, ఫోన్ చేశాను, బయల్దేరింది, దారిలో ఉంది అని చెప్పా. చివరిదాకా చెబుతూనే ఉన్నానే, బయల్దేరావనే చెప్పాను..."

అక్క భుజం పట్టుకుని, అక్కడి నుంచి జారి, ఆమె కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. ఏడుపంటే అది. నఫూసా శోకాలన్నీ కలిపి ఒక మూల పెట్టినా సరిపోని ఏడుపు.

ఉమ్ షవ్కీ కాలికున్న ఆ ఒక్క చెప్పూ విడిచి గుమ్మంలోకి తోసింది. సంచీ ఒళ్ళో పెట్టుకుని, లేచిన చోటే మళ్ళీ కూర్చుంది.

ఇన్సాఫ్ మేజోడు జారిన కాలితోనే కింద కూర్చుని చెల్లెలి తల ఒళ్ళోకి తీసుకుంది. ఏడుపు వస్తుందేమోనని చూసింది. రాలేదు. చెంప మాత్రం భగ్గుమంటోంది. చెవి దాకా, దవడ దాకా మంట పాకుతోంది. పొయ్యి నోట్లోకి వంగి ఆఖరి రొట్టె తీసేటప్పుడు మండినట్టే మండుతోంది.

"నొప్పిగా ఉందే" అంది.

"ఉండనీ" అంది అఫ్కార్, ఆమె ఒళ్ళోంచి తల ఎత్తకుండానే.